ఎరువు తెచ్చుకున్న ఎరుపు

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న పిట్టను ఒకసారి చూడండి. నిమ్మపండు రంగు ఒళ్లు, తలమీద కోసుగా లేచిన జుట్టు, ముక్కు మొదట్లో నల్లటి ముసుగు. ఎర్ర పిట్టల గురించి చెబుతామని పిలిచి పసుపు పిట్టను చూపిస్తున్నారేమిటని మీలో కొందరు ఈపాటికే అనుకుని ఉంటారు. నిజానికి ఇది ఎర్ర పిట్టే. ఉత్తర అమెరికాలో పెరటి చెట్ల మీద వాలే కార్డినల్. కేథలిక్ చర్చిలో కార్డినల్ హోదా ఉన్న మతగురువులు తొడుక్కునే ఎర్రటి అంగీని బట్టి దానికి ఆ పేరు వచ్చింది. అమెరికాలో ఏడు రాష్ట్రాలు దీన్నే తమ రాష్ట్రపక్షిగా ఎంచుకున్నాయి. ఇంకే పక్షికీ అంతటి గౌరవం దక్కలేదు. అటువంటి పక్షి 2018లో అలబామా రాష్ట్రంలోని అలబాస్టర్ అనే ఊళ్లో ఇలా పసుపు వేషంలో కనిపించేసరికి పత్రికలవాళ్లూ కెమెరాలవాళ్లూ దాని వెంట పడ్డారు.

దానికి తిండి తక్కువైందా, జబ్బు చేసిందా? రెండూ కాదు. అలాంటి పసుపు కార్డినల్ తినే గింజలూ పళ్లూ పురుగులూ, పక్క కొమ్మ మీది ఎర్ర కార్డినల్ తినేవే. తిన్నదాన్ని ఏది ఏం చేసుకుందన్న దగ్గరే తేడా వచ్చింది.

తెలుగులో ‘ఎరువు’ అంటే ఇప్పుడు అందరికీ పొలంలో చల్లేదే గుర్తొస్తుంది. పాత వాడుకలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. వాడుకుని తిరిగి ఇచ్చేస్తామని ఇతరుల దగ్గర తెచ్చుకున్న వస్తువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెతలో ఉన్నది ఆ ఎరువే. గానపక్షుల ఎరుపు చాలామటుకు అలాంటి ఎరువే. రాతలో ఒక్క అక్షరం తేడా, ప్రకృతిలో అది కూడా లేదు. (నవ్వులు)

ఎలాగో చెబుతాను. పక్షి శరీరం నలుపునూ గోధుమ రంగునూ సొంతంగా తయారు చేసుకోగలదు. మన జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ దానికీ ఉంది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల కోసం మాత్రం ఎక్కువ గానపక్షులు కెరోటినాయిడ్ల మీద ఆధారపడతాయి. క్యారెట్‌కూ మొక్కజొన్న గింజకూ పండు మిరపకాయకూ రంగునిచ్చేవి ఇవే. మొక్కలు వీటిని తయారు చేస్తాయి, పక్షులు చేయలేవు. పండో గింజో తినాలి, లేదా ఆకు తిన్న గొంగళిపురుగును తినాలి. అలా కడుపులోకి చేరే సరుకులో ఎక్కువ భాగం పసుపు రంగుదే. దాన్ని ఉన్నదున్నట్టు ఈకల్లోకి పంపిస్తే పిట్ట పసుపుగా ఉంటుంది. ఎర్రబడాలంటే ఆ పసుపు అణువుకు ఆక్సిజన్ తగిలించి దాని తీరు మార్చాలి. అలా తయారయ్యే ఎర్ర పదార్థాల్లో ఒకటి అస్టాజాంథిన్. రొయ్యను ఉడికించినప్పుడు బయటపడే ఎరుపు అదే, సాల్మన్ చేప కండ రంగూ అదే.

ఈ మార్పిడికి ఏ జన్యువు కారణమో 2016 దాకా తేలలేదు. ఆ ఏడాది రెండు బృందాలు, ఒకటి పంజరాల్లో పెంచే ఎర్ర కేనరీ పిట్టల మీద, రెండోది జీబ్రా ఫించ్ అనే పిట్టల మీద విడివిడిగా పనిచేస్తూ ఒకే జన్యువు దగ్గరకు వచ్చి చేరాయి. దాని పేరు సీవైపీ2జే19. పిట్టలకు ఇంత అందం తెచ్చిన జన్యువుకు కారు నంబరు లాంటి పేరు పెట్టారు. (నవ్వులు) 2022లో దీనికి తోడుగా పనిచేసే రెండో ఎంజైము కూడా బయటపడింది. మనం చూసిన పసుపు కార్డినళ్లలో చెడిపోయేది ఈ మార్పిడి ఏర్పాటే. ముడిసరుకు వచ్చింది, బట్టీ వెలగలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి దీని తరువాతిది. ఈ జన్యువు పాత ఉద్యోగం ఈకల్లో కాదు, కంట్లో. పక్షి కంటిలో రంగులను పసిగట్టే కణాల్లో కొన్నిటికి ఎర్రటి నూనెబొట్టు ఒకటి అడ్డం ఉంటుంది, కళ్లద్దాల రంగు గాజులాగా. ఆ బొట్టులోని రంగు కూడా అస్టాజాంథినే. దాన్ని తయారు చేసేదీ ఈ జన్యువే. ఒంటి మీద ఎర్ర ఈక ఒక్కటీ లేని పక్షులకు కూడా కంటి కోసం అది అవసరం. అంటే రంగులు చూడటానికని ఉన్న పనిముట్టునే కొన్ని జాతులు ఎర్రగా కనబడటానికీ వాడుకున్నాయి.

ఇవేవీ తెలియని రోజుల్లో ఒక మనిషి ఎర్ర పక్షిని పుట్టిస్తానని బయలుదేరాడు. పేరు హాన్స్ డుంకర్. జర్మనీలో బ్రెమెన్ నగరంలో బడిపంతులు. 1920ల నాటి మాట. కేనరీలు అప్పటికే కొన్ని శతాబ్దాలుగా యూరప్ ఇళ్లలో పంజరాల్లో పాడుతున్నాయి. వాటిలో పసుపు ఉంది, తెలుపు ఉంది, ఎరుపు లేదు. వెనెజులా ప్రాంతంలో రెడ్ సిస్కిన్ అనే బుల్లి పిట్ట ఉంది. నిప్పుకణిక లాంటి ఒళ్లు, బొగ్గు లాంటి తల. ఈ రెంటినీ జతకట్టించి, సిస్కిన్ ఎరుపును కేనరీలోకి దాటించి, సిస్కిన్ తక్కిన లక్షణాలన్నిటినీ తరం తరం వడగట్టెయ్యాలన్నది పంతులుగారి పథకం. ఒక జాతి జన్యువును కావాలని మరో జాతిలోకి దాటించే తొలినాటి ప్రయత్నాల్లో ఇదొకటి. మొదటి కాన్పు పిల్లలు రాగి రంగులో పుట్టాయి. వాటిలో ఆడవి గొడ్డువి కావడంతో మగవాటితోనే పని నడిపించాడు. ఎన్నేళ్లు తంటాలు పడినా నారింజ రంగు దగ్గరే ఆగిపోయింది గాని ఎరుపు రాలేదు.

జన్యువు దాటింది. 2016లో ఎర్ర కేనరీల జన్యురాశిని చదివితే అందులో సిస్కిన్ నుంచి వచ్చిన ముక్క స్పష్టంగా కనబడింది కూడా. మరి లోటు ఎక్కడ? మేతగిన్నెలో. పంజరంలో వేసే గింజల్లో కెరోటినాయిడ్లు చాలవు. కొత్త ఈకలు మొలిచే రోజుల్లో మేతలో వాటిని కలిపి పెట్టడం నేర్చుకున్నాకే తరువాతి పెంపకందార్లకు అసలైన ఎర్ర కేనరీ దక్కింది. డుంకర్‌కు పుట్టుక మీద ఉన్న నమ్మకం పిట్టలతో ఆగలేదు. మనుషుల విషయంలోనూ జాతిశుద్ధి వాదాన్ని సమర్థించాడు. పుట్టుకే సర్వస్వమనుకున్న మనిషి ఒక పిట్ట మేతగిన్నె దగ్గర ఓడిపోయాడన్నది, దాచుకోవడం ఎందుకు, నాకు చాలా ఇష్టమైన ముచ్చట.

ఆ ముచ్చట రెడ్ సిస్కిన్ ప్రాణం మీదకు తెచ్చింది. ఎర్ర కేనరీల మోజు కోసం దాన్ని వలలు పన్ని పట్టారు. చట్టం వద్దన్నా దొంగచాటు వేట ఆగలేదు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. ఊరట ఒక్కటే. 2000లో గయానా దేశపు దక్షిణ ప్రాంతంలో, అప్పటిదాకా తెలిసిన చోట్లకు చాలా దూరంగా, ఈ పిట్టలు పరిశోధకుల కంటబడ్డాయి. వలవాళ్లకంటే ముందు వాళ్ల కంటబడటం దాని అదృష్టం.

పంజరానికీ ఎరుపుకూ మొదటి నుంచీ పడదు. హౌస్ ఫించ్ కథ వినండి. పిచ్చుకంత పిట్ట, మగదానికి తలా గుండే ఎర్రగా ఉంటాయి. సొంత ఊరు మెక్సికో, అమెరికా పడమటి భాగం. 1940 ప్రాంతంలో న్యూయార్క్ దుకాణాల్లో దీన్ని ‘హాలీవుడ్ ఫించ్’ అని అమ్మేవారు. సినిమా నగరం పేరు తగిలిస్తే పిచ్చుక కూడా తార అవుతుందని వ్యాపారికి తెలుసు. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అలా అమ్మడం నేరం. అధికారుల కన్ను పడిందని తెలియగానే వర్తకులు లాంగ్ ఐలండ్‌లో పంజరాల తలుపులు తీసేశారు. అలా బయటపడ్డ కాసిని పిట్టల సంతానమే తూర్పు అమెరికా అంతటా అల్లుకుపోయింది.

ఈ పిట్టను పంజరంలో ఉంచి మామూలు గింజలు పెడితే, పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి మగది పసుపు రంగులోకి దిగిపోతుంది. బయట ఉన్నవాటిలో కూడా అన్నీ ఒకే ఎరుపులో ఉండవు. కొన్ని దానిమ్మ గింజల్లా ఉంటాయి, కొన్ని నారింజకే సరిపెట్టుకుంటాయి, కొన్ని పాలిపోయిన పసుపు. ఈ తేడాను ఆడపక్షి పట్టించుకుంటుందా అని జెఫ్రీ హిల్ అనే శాస్త్రవేత్తకు సందేహం వచ్చింది. మగపక్షులను పట్టుకుని, మనుషులు జుట్టుకు వేసుకునే రంగులే తెచ్చి, కొన్నిటిని మరింత ఎర్రగా మార్చాడు, కొన్నిటి రంగు తగ్గించాడు. మెరుగుపెట్టిన మగవాటికి తొందరగా జోడీ కుదిరింది, వెలవెలబోయినవి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. 1991లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. పైగా అసలు ఎరుపు ఉన్న మగవి గూటికి మేత తేవడంలో కూడా చురుకైనవని ఆయన గమనించాడు. ఆడపక్షి రంగును చూసి మురిసిపోవడం లేదన్నమాట, చిట్టాపద్దులు చూస్తోంది. వీడికి మంచి మేత ఎక్కడ దొరుకుతుందో తెలుసా, తిన్నది ఒంటబట్టిందా అని. జుట్టు రంగు వేసినవాడితో వెళ్లిన ఆడపక్షుల సంగతి తలుచుకుంటే నాకు కొంచెం జాలి.

మేత మారితే రంగు మారడానికి ఇంకో ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. అమెరికాలో సీడార్ వాక్స్‌వింగ్ అనే పక్షి తోక చివర పసుపు పట్టీ ఉంటుంది. 1960ల నుంచి ఈశాన్య ప్రాంతంలో కొన్నిటికి ఆ పట్టీ నారింజ రంగులో రావడం మొదలైంది. ఆరా తీస్తే, తోటల కోసం విదేశం నుంచి తెచ్చి నాటిన హనీసకిల్ పొదల పళ్లు తినడం వల్లనని తేలింది. ఆ పండులో ఎర్రటి కెరోటినాయిడ్ ఒకటి ఉంది. తోక ఈకలు మొలుస్తున్న రోజుల్లో ఆ పళ్లు తిన్న పిట్టకు తోక అంచు నారింజ అవుతుంది. ఒక తోటమాలి నాటిన పొద ఇంకెక్కడో ఎగిరే పిట్ట తోకలో కనబడుతోంది.

‘మొలుస్తున్న రోజుల్లో’ అని రెండుసార్లు అన్నాను కదా, అది ముఖ్యం. ఈక పూర్తిగా పెరిగాక మన గోరులాగే ప్రాణం లేని వస్తువు. దాని రంగును లోపలి నుంచి మార్చడం కుదరదు. మార్చాలంటే రాల్చి కొత్తది మొలిపించాలి. అమెరికాలోని స్కార్లెట్ టానేజర్ మగపక్షి వసంతంలో నల్లటి రెక్కలతో, ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది. వేసవి చివర ఆ ఈకలు రాల్చేసి ఆకుపచ్చ కలిసిన పసుపు చొక్కా తొడుక్కుని దక్షిణ అమెరికాకు ప్రయాణమవుతుంది. మనదేశపు లాల్ మునియా మగది కూడా ఇంతే. జతకట్టే కాలంలో ఎర్రటి ఒంటిమీద తెల్లటి చుక్కలు, ఆ తరువాత అదేనా అని అనుమానం వచ్చేటంత గోధుమ రంగు. ఆఫ్రికాలోని రెడ్ బిషప్ అయితే కాలం కానప్పుడు అచ్చం ఊరపిచ్చుకే. కార్డినల్‌ది వేరే దారి. ఆకురాలే కాలంలో దానికి వచ్చే కొత్త ఈకల కొసలు బూడిద రంగులో ఉంటాయి. చలికాలమంతా ఆ కొసలు అరిగి అరిగి వసంతానికి లోపలి ఎరుపు బయటపడుతుంది. కొత్త బట్ట వెలిసిపోవడం మనకు తెలుసు. ఇది అరిగేకొద్దీ మెరిసే బట్ట.

ఇంత ఎర్రటి పిట్ట అడవిలో వెంటనే కనిపిస్తుందనుకుంటారు. కనిపించదు. పడమటి కనుమల్లో నారింజ మినివెట్‌లను మొదటిసారి చూసినప్పుడు నేను వాటి కిందే పావుగంట నిలబడి ఉన్నాను. దట్టమైన ఆకుల నీడలో ఎరుపు మసకబారి ముదురు మచ్చలా కలిసిపోతుంది. గుంపు చెట్టు కొనల మీంచి ఒకదాని వెనుక ఒకటి ఎండలోకి దాటినప్పుడే మగవి నిప్పురవ్వల్లా, ఆడవి పసుపు పూల్లా తేలాయి. ఫోటో తీయలేదు. నోరు తెరుచుకుని చూస్తున్నవాళ్లకు కెమెరా ఎక్కడ గుర్తుంటుంది?

ఎర్ర పిట్టలన్నిటికీ ఇదే సూత్రం అనుకోవద్దు. యూరప్‌లో రాబిన్ ఉంది. ఇంగ్లీషువాళ్లు ‘ఎర్రరొమ్ము’ అని పిలిచే ఆ పిట్ట రొమ్ము నిజానికి ఎరుపు కాదు, నారింజ. పేరు పెట్టిన నాటికి వాళ్ల భాషలో నారింజ రంగుకు మాట లేదు, పదహారో శతాబ్దంలో వచ్చింది. ఆ మాటకూ మన నారింజకూ మూలం ఒకటే. మాట అప్పుగా వచ్చింది గాని ఆ పిట్ట రంగు అప్పు కాదు. అది మెలనిన్‌లో ఒక రకం, ఒంట్లో తయారైన సొంత సరుకు. అందుకే మేతతో దానికి పేచీ లేదు. ఆ రంగు దేనికి పనికొస్తుందో డేవిడ్ లాక్ అనే శాస్త్రవేత్త 1930లలో చూపించాడు. ఒక రాబిన్ ఇలాకాలో దూది కూరిన రాబిన్ బొమ్మ పెడితే అది మీదపడి పొడిచింది. చివరకు తలా తోకా లేని ఎర్ర ఈకల గుత్తిని పెట్టినా కొన్ని దాని మీద యుద్ధానికి దిగాయి. అక్కడ ఎరుపు ప్రేమలేఖ కాదు, సరిహద్దు రాయి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. ఎర్ర పిట్ట కనబడగానే మనిషి తన ఊళ్లో ఎర్రగా ఏముందో అదే చూశాడు. చర్చి మనిషికి కార్డినలూ బిషపూ కనిపించారు. హిమాలయాల్లో నఖశిఖం ఎర్రగా ఉండే ఒక ఫించ్‌కు 1836లో బ్రయన్ హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు ప్రకృతి పరిశోధకుడు పెట్టిన శాస్త్రీయ నామంలో ‘సిపాహి’ ఉంది, అంటే మన సిపాయే. ఎర్రకోటు వేసుకున్న సిపాయి. ఆఫ్రికా దక్షిణాన నల్లటి వీపు, ఎర్రటి పొట్ట, రెక్క మీద తెల్లటి చారతో ఒక పక్షి ఉంటుంది. నమీబియాను ఏలిన జర్మన్లకు అందులో తమ సామ్రాజ్య జెండా రంగులు కనబడ్డాయి, దాన్ని ‘సామ్రాజ్య పక్షి’ అన్నారు. లాల్ మునియా శాస్త్రీయ నామమైతే అహమదాబాద్ పేరు విదేశీ నోళ్లలో నలిగి వచ్చింది. అక్కడి నుంచి పంజరాల్లో ఓడలెక్కేది మరి. జపాన్‌లో బుల్‌ఫించ్ పేరు ‘ఉసో’. ఆ భాషలో ఉసో అంటే అబద్ధం కూడా. దజైఫు ఆలయంలో జనవరిలో జనం చెక్కతో చేసిన ఉసో బొమ్మలు చేతులు మార్చుకుంటారు, పోయిన ఏడాది ఆడిన అబద్ధాలు వదిలించుకోవడానికి. (నవ్వులు) అవును, చాలా పెద్ద బొమ్మ కావలసినవాళ్లు నాకూ తెలుసు.

ఒక తకరారు కూడా ఇక్కడే తీర్చేస్తాను. గానపక్షి అంటే కేవలం కూసేది కాదు. పెద్దవాటి పాట విని, నేర్చుకుని పాడేది. ఆ లెక్కన అమెరికా ఖండాల్లోని వెర్మిలియన్ ఫ్లైక్యాచర్, పేరుకు తగ్గ సింధూరం ముద్దే అయినా, కచ్చితమైన అర్థంలో గానపక్షుల శాఖలోకి రాదు. పక్క శాఖ. కానీ పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో శాన్ క్రిస్టోబల్ అనే దీవిలో మాత్రమే ఉండే దాని తోబుట్టువును తలచుకోకుండా ఉండలేను. అది చివరగా 1987లో కనిపించింది. వేరే జాతిగా గుర్తింపు పొందింది 2016లో. గుర్తించేనాటికి గుర్తించడానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇక హవాయి. ఇవాళ నేను వచ్చింది అసలు దీనికోసమే.

హవాయి దీవుల్లో ఈఈవీ అనే పక్షి ఉంది. కుంకుమ ముద్దలాంటి ఒళ్లు, నల్లటి రెక్కలు, కొడవలిలా వంగిన పొడవాటి నారింజ రంగు ముక్కు. గొట్టాల్లాంటి పూలలోకి ఆ ముక్కు దించి తేనె తాగుతుంది. ఆడా మగా రెండూ ఎరుపే. దాని పూర్వీకులు ఆసియా రోజ్‌ఫించ్‌ల బంధువులు, సముద్రం దాటి ఏ లక్షల ఏళ్ల కిందటో వచ్చిపడినవి. అంటే హిమాలయాల్లో కనబడే గులాబీ రంగు పిట్టలకు ఇది దూరపు చుట్టం.

హవాయి పెద్దలకు ఎరుపు పవిత్రం. ఈ పక్షి ఈకలతో ‘అహు ఉల’ అనే అంగవస్త్రాలు అల్లేవారు. ఆ మాటకు అర్థమే ఎర్రవస్త్రం. 1779 జనవరి 26న కలనిఓపు‘ఉ అనే అధిపతి తన భుజాల మీది వస్త్రాన్ని తీసి, ఓడల్లో వచ్చిన ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్‌కు కప్పాడు. దానిలో ఉన్నవి దాదాపు 20,000 పక్షుల ఈకలని లెక్క. ఆ కుక్కే మూడు వారాలు తిరక్కుండా అక్కడి తీరంలోనే జరిగిన ఘర్షణలో చనిపోయాడు. వస్త్రం ఇంగ్లండు చేరింది, చేతులు మారి న్యూజిలాండ్ మ్యూజియంలో చాలాకాలం ఉండి, 2016లో హవాయికి తిరిగి వచ్చింది. 237 ఏళ్ల తరువాత. మెలనిన్ కాని ఆ ఎరుపు ఇన్నేళ్లూ నిలిచి ఉండటం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పక్షులు పోయాయి, అవి పూలలోనూ పురుగుల్లోనూ ఏరుకున్న రంగు ఉంది.

అయితే ఈఈవీని ఈ స్థితికి తెచ్చింది వస్త్రం కాదు, దోమ. ఆ దీవుల్లో దోమలే ఉండేవి కావు. 1826లో ఒక ఓడ నీటి పీపాల్లో లార్వాలు దిగాయి. దోమ ఒక్కటే వచ్చి ఉంటే కుట్టి ఊరుకునేది. ఆ తరువాత పంజరాల్లో దిగుమతి చేసుకున్న విదేశీ పక్షుల రక్తంలో పక్షి మలేరియా కూడా దిగింది. ఈ జబ్బును ఎన్నడూ ఎరగని ఈఈవీకి తట్టుకునే శక్తి లేదు. ప్రయోగంలో జబ్బు ఉన్న దోమ ఒక్కసారి కుట్టిన ఈఈవీలలో పదింట తొమ్మిది చనిపోయాయి. చల్లటి ఎత్తు ప్రదేశాల్లో మలేరియా క్రిమి ఎదగలేదు కాబట్టి కొండల పైభాగాల్లో మాత్రమే అవి మిగిలాయి. వాతావరణం వేడెక్కేకొద్దీ దోమ మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతోంది. కొండకు ఒక చివర ఉంటుంది కదా, ఆ పైన పక్షి వెళ్లడానికి చోటు లేదు. 2017లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. 2023 నుంచి మాయి దీవిలో హెలికాప్టర్ల నుంచి మగదోమలను వదులుతున్నారు. వాటిలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల అవి జతకట్టిన ఆడదోమల గుడ్లు పొదగవు. పిట్టను కాపాడటానికి ఆకాశం నుంచి దోమలు చల్లే కాలం వచ్చింది.

ఇప్పుడు హవాయిలో కిందికి, సముద్రమట్టానికి దిగుదాం. అక్కడా ఎర్ర పిట్టలు ఉన్నాయి. అమెరికా కార్డినల్ ఉంది, 1929లో తెచ్చి వదిలారు. అహమదాబాద్ పేరున్న మన లాల్ మునియా ఉంది. మన పాత మిత్రుడు హౌస్ ఫించ్ కూడా ఉంది. పర్యాటకులు హోటలు వరండాల్లో కూర్చుని ఫోటో తీసుకునే ఎర్ర పిట్టలు ఎక్కువగా ఇవే. అంతా బయటివాళ్లు. ఆ దీవుల సొంత ఎరుపు మాత్రం పొగమంచు కొండల్లో తలదాచుకుంది. ఇంకో చమత్కారం ఉంది. హవాయికి వచ్చిన హౌస్ ఫించ్‌లలో మగవి చాలావరకు ఎర్రగా లేవు, పసుపు, నారింజ రంగుల్లో ఉన్నాయి. అక్కడివాళ్లు దాన్ని బొప్పాయి పిట్ట అంటారు. ఎరువు తెచ్చిన సొమ్ము కదా, కొత్త ఊళ్లో పాత అప్పు పుట్టలేదు.

సమయం అయిపోతోందని సంజ్ఞ చేస్తున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభ నుంచి ప్రశ్న: ఆడపక్షులు ఎందుకు ఎర్రగా ఉండవండీ?)

మంచి ప్రశ్న అమ్మా. గూటిలో గుడ్ల మీద రోజుల తరబడి కదలకుండా కూర్చోవలసిన పక్షి ఎర్రగా ఉంటే పాముకూ గద్దకూ చిరునామా రాసి ఇచ్చినట్టే అని మామూలుగా చెబుతారు. సగం నిజం. కానీ ఈఈవీలో ఆడది ఎర్రగానే ఉంది. నమీబియా ‘సామ్రాజ్య పక్షి’లో ఆడా మగా పోల్చుకోవడం కష్టం, రెండూ కలిసి ఇలాకా కాపలా కాస్తాయి. కాబట్టి దానికి ఒకే జవాబు లేదు. ఒక్కో జాతి బతుకుతెరువును బట్టి ఉంటుంది.

మీ ప్రశ్నకు జోడింపుగా ఇంకొకటి చెబుతాను. ఆడపక్షికి రంగు లేకపోతే పాట కూడా ఉండదని చాలాకాలం శాస్త్రవేత్తలే అనుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది యూరప్, ఉత్తర అమెరికాల్లో ఉండటం దీనికి కొంత కారణం. 2014లో ప్రపంచం నలుమూలల జాతులను పరిశీలిస్తే, సమాచారం దొరికిన వాటిలో 71 శాతం జాతుల్లో ఆడపక్షులూ పాడతాయని తేలింది. గానపక్షుల పూర్వీకుల్లో కూడా ఆడవి పాడేవనే తీర్మానానికి వచ్చారు. అంటే పాట మగవాటికి కొత్తగా వచ్చిన విద్య కాదు, కొన్ని జాతుల్లో ఆడవి మానేసిన విద్య.

కార్డినల్ ఆడపక్షి మానలేదు. ఒళ్లు గోధుమ రంగు, ముక్కు, జుట్టు కొస, రెక్కల దగ్గర మాత్రం కాస్త ఎరుపు. గూటిలో కూర్చునే పాడుతుంది. గానపక్షి గొంతులో స్వరం పుట్టే చోట్లు రెండు ఉంటాయి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. కార్డినల్ పాటలో కింది స్వరాలు ఎడమ వైపు నుంచి, పై స్వరాలు కుడి వైపు నుంచి వస్తాయి. కింది నుంచి పైకి జారే ఒకే స్వరాన్ని ఎడమ మొదలుపెట్టి కుడికి అందిస్తుంది. ఎక్కడ చేతులు మారిందో మన చెవికి అతుకు తెలియదు.

ఆ రికార్డింగు పెట్టండి. బొమ్మ వద్దు, లైట్లు కూడా తీసేయండి. ముందు వినబడేది మగది, కొమ్మ చివర నుంచి. కాసేపాగి జవాబు వస్తుంది, దగ్గరి పొదలో నుంచి, కొంచెం తగ్గు గొంతుతో. అది ఆవిడ.

(రికార్డింగు వినిపించారు.)